భవనాలపై వీడియో ప్రదర్శన కళ: హైదరాబాద్

భవనం గోడ, కోట బురుజు, విగ్రహం, నీటితెర వంటి బహిరంగ ఉపరితలాలపై ప్రొజెక్టర్లతో కదిలే బొమ్మలు వేసి, దారిన పోయేవారికి, గుమికూడిన జనానికి చూపించే కళారూపమే భవనాలపై వీడియో ప్రదర్శన కళ. టికెట్ కొని హాల్లోకి వెళ్లి చూసే సినిమాకు, గ్యాలరీ గదిలో నడిచే వీడియో కళకు భిన్నంగా ఇందులో నగరమే ప్రదర్శనశాల. హైదరాబాద్‌లో ఈ కళ ప్రధానంగా మూడు దారుల్లో వచ్చింది: కోటల్లో సౌండ్ అండ్ లైట్ షో, హుస్సేన్ సాగర్ చుట్టూ లేజర్, నీటితెర ప్రదర్శనలు, ఆధ్యాత్మిక కేంద్రాల్లోనూ ప్రభుత్వ వేడుకల్లోనూ ప్రొజెక్షన్ మ్యాపింగ్. ఈ వ్యాసం ఆ కళ నిర్వచనాన్ని, చరిత్రను, రకాలను, పనితీరును వివరిస్తుంది. సాగర్ కట్ట దిగువన ఉన్న దోమలగూడ, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలకు దీనితో ఉన్న సంబంధాన్ని కూడా తెలుపుతుంది.

నిర్వచనం, పరిధి

ఈ కళకు మూడు లక్షణాలు ఉంటాయి. మొదటిది, బొమ్మ వేరేచోట ఉన్న యంత్రం నుంచి కాంతిగా వచ్చి గోడపై పడుతుంది. గోడకు రంగు అంటదు, మేకు దిగదు. ప్రొజెక్టర్ ఆపేస్తే గోడ ఎప్పటిలాగే ఉంటుంది. రెండవది, బొమ్మ కదులుతుంది, దానికి ఒక నిడివి ఉంటుంది. మూడవది, ప్రదర్శన బహిరంగ స్థలంలో జరుగుతుంది, ఎవరైనా చూడవచ్చు. కోటలు, పార్కుల్లో టికెట్ పెట్టి చూపించే ప్రదర్శనలకు ఈ మూడవ లక్షణం పాక్షికంగానే వర్తిస్తుంది. అయినా పద్ధతి ఒకటే కాబట్టి వాటినీ ఈ వర్గంలోనే చేరుస్తారు.

గోడ ఆకారాన్ని కొలిచి, కిటికీలు, కమానులు, స్తంభాల అంచులకు సరిపోయేలా బొమ్మను మలచి వేస్తే దాన్ని ప్రొజెక్షన్ మ్యాపింగ్ లేదా వీడియో మ్యాపింగ్ అంటారు. గోడను చదునైన తెరగా భావించి వేసేది సాధారణ ప్రొజెక్షన్. భవనానికి దీపాలు బిగించి రంగులు మార్చడం దీపాలంకరణ. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ప్రభుత్వ భవనాలపై కనిపించే మువ్వన్నెల వెలుగు ఈ కోవలోది, అందులో బొమ్మ ఉండదు. భవనానికే ఎల్‌ఈడీ బల్బులు అమర్చి దాన్ని తెరగా మార్చితే అది ఎల్‌ఈడీ ముఖతలం. అక్కడ కాంతి భవనం నుంచే బయటికి వస్తుంది. గోడలపై రంగులతో వేసే కుడ్యచిత్రం స్థిరమైనది కాబట్టి ఈ పరిధిలోకి రాదు (చూ. కుడ్యచిత్రాలు).

చరిత్ర

పూర్వరూపాలు

వెలుగును, తెరను ఉపయోగించి రాత్రిపూట ఊరి జనానికి కథ చెప్పడం తెలుగువారికి తోలుబొమ్మలాటతో పరిచయమే. తెల్లని పంచె కట్టి, వెనక దీపాలు వెలిగించి, రంగులద్దిన తోలుబొమ్మలను తెరకు ఆనించి ఆడిస్తారు. అనంతపురం ప్రాంతంలోని నిమ్మలకుంట ఈ బొమ్మల తయారీకి పేరున్న ఊరు. బొమ్మకూ తెరకూ మధ్య కాంతి పాత్ర విషయంలో ఈ ఆట ప్రొజెక్షన్‌కు దగ్గర బంధువు. అయితే ఇందులో బొమ్మ తెరకు తగిలి ఉంటుంది, ప్రొజెక్షన్‌లో దూరం నుంచి పెద్దదై పడుతుంది (చూ. తోలుబొమ్మలాట).

గాజుపలకపై గీసిన బొమ్మను కటకం ద్వారా పెద్దది చేసి గోడపై వేసే మ్యాజిక్ లాంతరును 1659 ప్రాంతంలో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ రూపొందించాడు. 19వ శతాబ్దం చివర మహారాష్ట్రలోని కల్యాణ్‌లో మహాదేవ్ గోపాల్ పట్వర్ధన్ కుటుంబం శాంబరిక్ ఖరోలికా పేరుతో లాంతరు ప్రదర్శనలు ఇచ్చింది. తెలుగు సినిమాకు ఆద్యుడిగా పేరొందిన రఘుపతి వెంకయ్య మద్రాసు కేంద్రంగా 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే ప్రదర్శన యంత్రంతో ఊరూరా బొమ్మలు చూపించాడు. డేరాలో, బయలులో తెర కట్టి చూపిన ఆ ప్రదర్శనలతో కదిలే బొమ్మ తెలుగువారికి పరిచయమైంది.

సౌండ్ అండ్ లైట్ షో

చారిత్రక కట్టడం ఎదుట ప్రేక్షకులను కూర్చోబెట్టి, రికార్డు చేసిన వ్యాఖ్యానం, సంగీతం వినిపిస్తూ కట్టడం భాగాలను ఒక్కొక్కటిగా వెలిగించే పద్ధతి 1952లో ఫ్రాన్స్‌లోని షాంబోర్ కోటలో మొదలైంది. దాన్ని ఆలోచించినది ఆ కోట సంరక్షకుడు పాల్ రాబెర్ ఊదాఁ. భారతదేశంలో ఢిల్లీ ఎర్రకోటలో 1965లో ఈ తరహా ప్రదర్శన ప్రారంభమైంది. ఇందులో వీడియో లేదు. ఏ గోడ ఎప్పుడు వెలగాలి అన్నదే కథనరీతి. చూపు ఎటు తిప్పాలో కాంతి చెబితే, అక్కడేం జరిగిందో గొంతు చెబుతుంది. తరువాతి కాలంలో ఆ కాంతి స్థానంలోకి వీడియో వచ్చింది (చూ. సౌండ్ అండ్ లైట్ షో).

గోడమీదికి వీడియో కళ

1960ల మధ్యలో చేతబట్టి తిప్పగలిగే వీడియో కెమెరా రావడంతో వీడియో కళ పుట్టింది. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్‌ను దీనికి ఆద్యుల్లో ఒకరిగా పేర్కొంటారు. బహిరంగ కట్టడాలను తెరగా మార్చడంలో పోలండ్‌లో పుట్టిన క్రిస్టోఫ్ వొడిచ్కోది ప్రధాన స్థానం. 1985లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నెల్సన్ స్తంభంపై బొమ్మ వేస్తున్నప్పుడే, పక్కనున్న దక్షిణాఫ్రికా దౌత్య భవనం ముఖతలంపై అతను నాజీల స్వస్తిక గుర్తు వేశాడు. వర్ణవివక్షపై నిరసన అది. 1999లో హిరోషిమాలో అణుబాంబు గోపురం కింద నదీతీరపు గట్టుపై బాధితుల చేతుల కదలికలను చూపుతూ వారి మాటలు వినిపించాడు. 2001లో మెక్సికోలోని టిజువానాలో సాంస్కృతిక కేంద్రం గోళాకార గోడపై ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల ముఖాలను, వారే తమ అనుభవాలు చెబుతుండగా, ప్రత్యక్షంగా వేశాడు. కట్టడానికి ఉన్న అధికారాన్ని, జ్ఞాపకాన్ని కళాకారుడు ప్రశ్నించడం ఈ ధోరణి లక్షణం.

అమెరికా కళాకారిణి జెన్నీ హోల్జర్ 1996 నుంచి భవనాలపై, నదులపై అక్షరాలను కాంతిగా ప్రసరింపజేసింది. టోనీ ఆవ్స్‌లర్ 2000లో న్యూయార్క్, లండన్ పార్కుల్లో చెట్లపైనా పొగపైనా మాట్లాడే ముఖాలను వేశాడు. డగ్ ఐట్‌కెన్ 2007లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం బయటి గోడలపైన, 2012లో వాషింగ్టన్ హర్ష్‌హార్న్ మ్యూజియం గుండ్రటి గోడ చుట్టూ సినిమా స్థాయి వీడియోలు ప్రదర్శించాడు.

ప్రొజెక్షన్ మ్యాపింగ్

చదునుగా లేని వస్తువుపై కదిలే బొమ్మను సరిగ్గా అతికించిన తొలి ఉదాహరణల్లో 1969లో డిస్నీలాండ్‌లో ప్రారంభమైన భూతాల మహల్ ఒకటి. అందులో పాలరాతి శిల్పాల్లాంటి తలలపై పాడుతున్న ముఖాలను ఫిల్ముతో వేశారు. కంప్యూటర్లు, డిజిటల్ ప్రొజెక్టర్లు చౌకయ్యాక 2000ల రెండవ భాగంలో ఈ పద్ధతి భవనాల స్థాయికి పెరిగింది. ప్రేగ్ పాత పట్టణంలోని ఖగోళ గడియారం 600 ఏళ్ల వేడుకకు 2010లో ఆ గోపురంపై చేసిన ప్రదర్శన, పునరుద్ధరించిన టోక్యో స్టేషన్ ఇటుక ముఖతలంపై 2012లో చేసిన ప్రదర్శన విస్తృతంగా ప్రచారం పొందాయి. ఫ్రాన్స్‌లోని లియాన్ దీపోత్సవం, 2009లో మొదలైన సిడ్నీ వివిడ్ ఉత్సవం ఈ కళకు ఏటేటా వేదికలయ్యాయి. భారతదేశంలో 2022 జనవరి 29న బీటింగ్ రిట్రీట్ కార్యక్రమంలో ఢిల్లీ నార్త్, సౌత్ బ్లాకుల గోడలపై ప్రొజెక్షన్ మ్యాపింగ్ చేశారు.

హైదరాబాద్‌లో

గోల్కొండ కోట

నగరంలో ఈ తరహా ప్రదర్శనలకు మొదటి స్థిరమైన వేదిక గోల్కొండ. ఇక్కడ సౌండ్ అండ్ లైట్ షో 1993లో ప్రారంభమైంది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల పతనం వరకు కోట కథ చెప్పేవారు. శిథిలమైన మహళ్లు, కమానులు, వెనక కొండపై బాలాహిసార్ వరుసగా వెలిగేవి. 2024 జనవరిలో పాత పరికరాల స్థానంలో ప్రొజెక్షన్ మ్యాపింగ్, లేజర్లతో కొత్త ప్రదర్శన ప్రారంభమైంది. ముప్పై ఏళ్ల తేడాతో ఒకే గోడలపై రెండు తరాల పద్ధతులను పోల్చి చూడటానికి గోల్కొండ అనువైన ఉదాహరణ. పాత పద్ధతిలో గోడ తానుగా కనిపిస్తుంది, చూసేవారు కథను ఊహించుకుంటారు. కొత్త పద్ధతిలో కథ బొమ్మగా గోడపైనే కనిపిస్తుంది (చూ. గోల్కొండ కోట).

హుస్సేన్ సాగర్ తీరం

1994లో ఏర్పడిన లుంబినీ పార్కులో బహిరంగ రంగస్థలం నిర్మించి, నీటితెరపై లేజర్ ప్రదర్శన నడిపారు. గొట్టాల నుంచి విసనకర్ర ఆకారంలో ఎగజిమ్మే పలచని నీటిపొరపై వెనక నుంచి కాంతి పడటం వల్ల బొమ్మ గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడ ప్రదర్శన నడుస్తుండగా బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ వద్ద కూడా పేలుడు జరిగింది. రెండుచోట్లా కలిపి 40 మందికి పైగా మరణించారు. ఆ తరువాత నగరంలోని బహిరంగ ప్రదర్శన స్థలాల్లో తనిఖీలు పెరిగాయి.

2023 ఫిబ్రవరిలో సాగర్ నీటిపై 180 మీటర్ల పొడవైన తేలియాడే మ్యూజికల్ ఫౌంటెన్‌ను హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ప్రారంభించింది. 2024 మార్చిలో సంజీవయ్య పార్కు వద్ద కోహినూర్ వజ్రం కథతో నీటితెర లేజర్ ప్రదర్శన మొదలైంది. దానికి ఎస్.ఎస్. కాంచి కథనం రాయగా, ఎం.ఎం. కీరవాణి సంగీతం అందించాడు. ఇద్దరూ తెలుగు సినిమా రంగంవారు. బహిరంగ వీడియో ప్రదర్శన ఇక్కడ గ్యాలరీ కళ కంటే సినిమాకు దగ్గరగా ఉందనడానికి ఇది ఒక ఉదాహరణ.

సాగర్ పరిసరాల్లోనే ప్రొజెక్షన్‌కు సంబంధించిన మరో రెండు సంస్థలు ఉన్నాయి. నౌబత్ పహాడ్‌పై 1985లో ప్రారంభమైన బిర్లా ప్లానెటేరియం అర్ధగోళాకార పైకప్పుపై ఆకాశాన్ని చూపుతుంది. వంపు తిరిగిన ఉపరితలంపై బొమ్మ సాగిపోకుండా చూడటం అక్కడి సాంకేతిక సమస్య. భవనాలపై మ్యాపింగ్‌లోనూ అదే ఎదురవుతుంది. 2003లో ప్రసాద్స్ ఐమాక్స్‌గా ప్రారంభమైన థియేటర్ అతిపెద్ద తెరను నగరానికి పరిచయం చేసింది. ఈ రెండూ లోపలి ప్రదర్శనలు కాబట్టి బహిరంగ కళ కిందికి రావు.

ముచ్చింతల్ సమతామూర్తి

నగర శివారులోని ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజాచార్యుల పంచలోహ విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆవిష్కరించారు. ఆ సందర్భంగా రామానుజుల జీవితం, బోధనలపై త్రీడీ మ్యాపింగ్ ప్రదర్శన జరిగింది. విగ్రహంపై మ్యాపింగ్ భవనంపై కంటే క్లిష్టం. వస్త్రపు ముడతలు, చేతులు, ముఖం వేర్వేరు లోతుల్లో ఉంటాయి. మెరిసే లోహం కాంతిని అన్ని వైపులకూ సమంగా చల్లదు. అందుచేత చూసే స్థానాన్ని బట్టి బొమ్మ వెలుగు మారుతుంది.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ

1939 డిసెంబరులో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీ భవనంపై దీపాలంకరణ, త్రీడీ మ్యాపింగ్ ప్రదర్శన ఏర్పాటును కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ నిధులతో చేపట్టారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనతో సంబంధం ఉన్న ఈ భవనం గులాబీ రంగు గ్రానైట్ కట్టడం. మధ్యలో ఎత్తైన ద్వారం, రెండు వైపులా సమానంగా సాగే కిటికీల వరుసలు, ముందు విశాలమైన ఖాళీ స్థలం ఉన్నాయి. సమరూపం, ఎదుట దూరం మ్యాపింగ్‌కు అనుకూలాలు. గ్రానైట్ కాంతిని తక్కువగా తిప్పికొట్టడం ప్రతికూలం.

ఇతర ప్రాంతాలు, ప్రవాసులు

తెలంగాణలో వరంగల్ కోట, ఆంధ్రప్రదేశ్‌లో చంద్రగిరి కోట సౌండ్ అండ్ లైట్ ప్రదర్శనలకు వేదికలు. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాపై 2021 అక్టోబరు 23న తెలంగాణ జాగృతి సంస్థ ఆధ్వర్యంలో బతుకమ్మ బొమ్మలు ప్రదర్శించారు. అక్కడ స్థిరపడిన తెలుగువారు పెద్దసంఖ్యలో చూశారు. అది ప్రొజెక్షన్ కాదు, భవనానికే అమర్చిన ఎల్‌ఈడీ తెర. పద్ధతి వేరైనా నగరపు ప్రధాన కట్టడంపై తమ పండుగ కనిపించడం అన్న ప్రయోజనం ఒకటే (చూ. బతుకమ్మ).

రకాలు

చారిత్రక కథన ప్రదర్శన: కట్టడం గురించి ఆ కట్టడంపైనే చెప్పేది. గోల్కొండ దీనికి ఉదాహరణ. వ్యాఖ్యానం ప్రధానం, నిడివి సాధారణంగా అరగంట నుంచి గంట వరకు ఉంటుంది.

వేడుక ప్రదర్శన: రాష్ట్రావతరణ, జాతీయ పర్వదినాలు, ఆవిష్కరణలకు చేసేది. కొద్ది నిమిషాలు మాత్రమే ఉంటుంది. డ్రోన్లు, బాణసంచా, లేజర్లతో కలిసి వస్తుంది.

నీటితెర ప్రదర్శన: హుస్సేన్ సాగర్ తీరంలో ఎక్కువగా కనిపించేది. గాలి వీచినప్పుడు తెర చెదురుతుంది.

కళాకారుల ప్రదర్శన: కట్టడానికి ఉన్న అర్థాన్ని ప్రశ్నించేది లేదా మార్చి చూపేది. వొడిచ్కో పనులు దీనికి ప్రమాణం.

సందేశ ప్రదర్శన: నిరసనగానో ప్రచారంగానో అప్పటికప్పుడు గోడపై అక్షరాలు వేసేది. వాహనంలో పెట్టిన ప్రొజెక్టర్, చిన్న జనరేటర్ చాలు. రోటర్‌డామ్‌లో 2007లో గ్రాఫిటీ రీసెర్చ్ ల్యాబ్ బృందం లేజర్ పాయింటర్‌తో ఎత్తైన భవనంపై రాతలు రాయించింది.

ప్రతిస్పందన ప్రదర్శన: చూసేవారి కదలికను, గొంతును కెమెరా లేదా మైకు ద్వారా గ్రహించి బొమ్మను మార్చేది.

వాణిజ్య ప్రదర్శన: వస్తువుల విడుదల, సినిమా ప్రచారం కోసం చేసేది. అనుమతుల విషయంలో దీన్ని ప్రకటనగా పరిగణిస్తారు.

పనితీరు

ఉపరితలం

లేత రంగు, మెరుపు లేని గోడ ఉత్తమం. సున్నం వేసిన గోడ తనపై పడిన కాంతిలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. ముదురు రాయి చాలా భాగాన్ని మింగేస్తుంది. అద్దాల భవనాలు ఈ కళకు పనికిరావు. కాంతి లోపలికి చొచ్చుకుపోతుంది లేదా అద్దంలోలా వేరేవైపు తిరిగిపోతుంది. అందువల్ల హైటెక్ సిటీ వైపు అద్దాల మేడల కంటే పాతనగరపు సున్నం గోడలే ప్రొజెక్షన్‌కు ఎక్కువ అనువు. అద్దాల మేడలకు ఎల్‌ఈడీ తెరలు సరిపోతాయి.

కాంతి

ప్రొజెక్టర్ వెలుగును ల్యూమెన్లలో, గోడపై పడే వెలుగును లక్స్‌లో కొలుస్తారు. ల్యూమెన్లను గోడ విస్తీర్ణపు చదరపు మీటర్లతో భాగిస్తే లక్స్ వస్తుంది. 20,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ 180 చదరపు మీటర్ల గోడను నింపితే సుమారు 110 లక్స్ పడుతుంది. వీధిదీపాలు, దుకాణాల బోర్డులు ఆ గోడపై వేసే వెలుగు ఇందులో పదో వంతుకు మించితే నలుపు బూడిదరంగులోకి మారి బొమ్మ వెలవెలబోతుంది. పెద్ద కట్టడాలకు 20,000 నుంచి 40,000 ల్యూమెన్ల ప్రొజెక్టర్లను పక్కపక్కన, ఒకదానిపై ఒకటి పేర్చి వాడతారు. బార్కో, క్రిస్టీ, ప్యానసోనిక్, ఎప్సన్ కంపెనీల యంత్రాలు ఈ రంగంలో వాడుకలో ఉన్నాయి.

దూరం, లెన్స్

ప్రొజెక్టర్‌కు గోడకు మధ్య దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగించగా వచ్చే సంఖ్యను త్రో నిష్పత్తి అంటారు. 12 మీటర్ల వెడల్పు బొమ్మకు 1.2 నిష్పత్తి గల లెన్స్ వాడితే ప్రొజెక్టర్‌ను 14 మీటర్లకు పైగా దూరంలో పెట్టాలి. 30 అడుగుల, అంటే సుమారు 9 మీటర్ల వీధికి అవతలి అంచు నుంచి వేయాలంటే నిష్పత్తి 0.75 ఉండాలి. అందుకు షార్ట్ త్రో లెన్స్ కావాలి.

కొలత, సర్దుబాటు

మొదట భవనాన్ని లేజర్ స్కానర్‌తోనో, అనేక కోణాల నుంచి తీసిన ఫొటోలతోనో కొలిచి కంప్యూటర్‌లో త్రీడీ నమూనా తయారు చేస్తారు. యానిమేషన్‌ను ఆ నమూనాపై రూపొందిస్తారు. ప్రదర్శన స్థలంలో ప్రొజెక్టర్ బిగించాక గళ్ల నమూనా వేసి, గళ్లు కిటికీ అంచులపై కూర్చునేదాకా మూలలను జరుపుతారు. దీన్ని వార్పింగ్ అంటారు. బొమ్మ పడకూడని చోటును నల్లగా కప్పడం మాస్కింగ్. రెండు ప్రొజెక్టర్ల బొమ్మలు కలిసేచోట రెండింటి వెలుగునూ క్రమంగా తగ్గించి అతుకు కనిపించకుండా చేయడం ఎడ్జ్ బ్లెండింగ్. రెజల్యూమ్, మ్యాడ్‌మ్యాపర్, టచ్‌డిజైనర్, వాచ్‌అవుట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఈ పనికి వాడతారు.

మ్యాపింగ్ భ్రమ చూసే స్థానంపై ఆధారపడి ఉంటుంది. గోడ కూలినట్టు, స్తంభాలు తిరిగినట్టు చూపే దృశ్యాలను ఒక నిర్దిష్ట స్థానం నుంచి చూసేలా లెక్కకట్టి గీస్తారు. అక్కడి నుంచి పక్కకు జరిగితే లోతు తప్పుగా కనిపిస్తుంది.

శబ్దం

సంగీతం, వ్యాఖ్యానం, బొమ్మ ఒకే గడియారాన్ని అనుసరించేలా టైమ్‌కోడ్‌తో కలుపుతారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 100 మీటర్ల దూరంలో ఉన్నవారికి మాట దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. దీన్ని సరిచేయడానికి వెనక వరుసలకు వేరే స్పీకర్లు పెట్టి, వాటికి తగినంత ఆలస్యం కలుపుతారు.

కాలం, వాతావరణం, విద్యుత్తు

చీకటి పడ్డాకే ప్రదర్శన సాధ్యం. హైదరాబాద్‌లో జూన్ నెలాఖరున సూర్యాస్తమయం దాదాపు 6:50కి, నవంబరు చివర దాదాపు 5:40కి. అందువల్ల చలికాలంలో ప్రదర్శనను గంట ముందుగా మొదలుపెట్టవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వాన ఉంటుంది కనుక యంత్రాలను గాలి ఆడే, నీరు చొరని పెట్టెల్లో ఉంచుతారు. పెద్ద ప్రొజెక్టర్లు కిలోవాట్లలో విద్యుత్తు వాడతాయి. కరెంటు పోయినా ప్రదర్శన ఆగకుండా జనరేటర్, యూపీఎస్ రెండూ పెడతారు.

దోమలగూడ పరిసరాలు

దోమలగూడ హుస్సేన్ సాగర్‌కు తూర్పున, ట్యాంక్‌బండ్ కట్ట దిగువన ఉంది. రామకృష్ణ మఠం, ఏవీ కాలేజీ ఇక్కడి ప్రధాన సంస్థలు. ఆనుకొని ఇందిరా పార్కు, సభలు, నిరసనలకు పేరుపడిన ధర్నా చౌక్ ఉన్నాయి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. కట్ట ఎక్కితే సాగర్ తీరపు ప్రదర్శనలన్నీ నడక దూరంలోనో, కొద్దిపాటి ప్రయాణంలోనో ఉంటాయి.

ఈ ప్రాంతానికి పెద్ద బొమ్మను వీధిలో చూపించే సంప్రదాయం సినిమా ద్వారా వచ్చింది. చిక్కడపల్లి దాటితే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్లు ఉన్నాయి. విడుదల రోజుల్లో వాటి ముందు మేడ ఎత్తు కటౌట్లు, పూలదండలు, డప్పులు కనిపిస్తాయి. హాలు లోపలి తెర కోసం వచ్చిన జనం బయటి కటౌట్ ముందే పండుగ చేసుకుంటారు. బహిరంగ దృశ్య సంస్కృతిలో కటౌట్ స్థిరమైన రూపం, ప్రొజెక్షన్ కదిలే రూపం (చూ. సినిమా కటౌట్లు).

ఇక్కడి భవనాలు ప్రొజెక్షన్‌కు ఎంతవరకు అనువో ఒక మామూలు ఉదాహరణతో తెలుసుకోవచ్చు. పాత పెంకుటిళ్లు, ఒంటి మేడల స్థానంలో వచ్చిన అయిదంతస్తుల అపార్టుమెంట్లు ఈ వీధుల్లో సాధారణం. వాటి ముందువైపు బాల్కనీలు, గ్రిల్స్, ఏసీ యూనిట్లు, ఆరేసిన బట్టలు ఉంటాయి. పక్కగోడ మాత్రం చాలాచోట్ల కిటికీలు తక్కువగా, లేత రంగు సిమెంటు పెయింటుతో చదునుగా ఉంటుంది. అటువంటి గోడ 12 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు ఉందనుకుంటే, 16:10 కొలత గల రెండు బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చితే గోడ సరిగ్గా నిండుతుంది. ఒక్కోటి 12 మీటర్ల వెడల్పు, 7.5 మీటర్ల ఎత్తు. అతుకు కలపడానికి రెండూ ఒకదానిపై ఒకటి కొంత ఎక్కాలి కాబట్టి ఆచరణలో బొమ్మను కొద్దిగా పెద్దది చేస్తారు. అడ్డంగా 1,920 చుక్కలున్న బొమ్మలో ఒక్కో చుక్క గోడపై 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే గళ్లుగా కనిపించినా, వీధి అవతలి నుంచి కనిపించదు.

ప్రధాన అడ్డంకులు స్తంభాల మధ్య వేలాడే కరెంటు, కేబుల్, ఇంటర్నెట్ తీగలు. ప్రొజెక్టర్ నేలపై ఉంటే వాటి నీడలు బొమ్మపై నల్లని గీతలుగా పడతాయి. ఎదుటి ఇంటి డాబాపై, నీళ్ల ట్యాంకు పక్కన ప్రొజెక్టర్ పెడితే తీగలు కిందికి ఉండిపోతాయి. దీనికి ఇరుగుపొరుగు ఒప్పుకోలు కావాలి. వీధిదీపాలను కొద్దిసేపు ఆర్పించాలంటే నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ సహకారం అవసరం.

గోడలపై కళకు హైదరాబాద్‌లో దగ్గరి ఉదాహరణ మక్తా. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో నెక్లెస్ రోడ్డు సమీపంలోని ఈ బస్తీలో ఇళ్ల గోడలపై కుడ్యచిత్రాలు వేశారు. మామూలు మనుషులు నివసించే ఇళ్ల గోడలనే కళకు ఎంచుకోవడం దాని ప్రత్యేకత. నగరంలో పేరొందిన ప్రొజెక్షన్ ప్రదర్శనలు మాత్రం కోటలు, పార్కులు, సంస్థల భవనాల దగ్గర కేంద్రీకృతమయ్యాయి.

చట్టాలు, అనుమతులు

గోల్కొండ, చార్మినార్ వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కాంతి నిర్మాణం కాదు గానీ ప్రొజెక్టర్ గదులు, టవర్లు, కుర్చీల గ్యాలరీలు ఈ నిబంధనల కిందికి వస్తాయి. కేంద్ర జాబితాలో లేని వారసత్వ కట్టడాలకు తెలంగాణ వారసత్వ చట్టం, 2017 ఉంది.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. కాలేజీలు ఎక్కువగా ఉన్న నారాయణగూడ, దోమలగూడల్లో ఇది పరిగణించవలసిన అంశం.

జనం గుమిగూడే కార్యక్రమాలకు హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫసలీ కింద పోలీసులకు నియంత్రణాధికారాలు ఉన్నాయి. బొమ్మ వాణిజ్య ప్రకటన అయితే జీహెచ్‌ఎంసీ పరిధిలోని ప్రకటనల నిబంధనలు వర్తిస్తాయి. 2020లో ప్రభుత్వం భూమి నుంచి 15 అడుగులకు మించిన ఎత్తులో ప్రకటనలను నిషేధించింది. బొమ్మలు, సంగీతం వాడకానికి 1957 నాటి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. బేగంపేట విమానాశ్రయం దగ్గరే ఉన్నందున ఆకాశంలోకి వదిలే లేజర్ కిరణాల విషయంలో విమానయాన భద్రత కూడా చూడాలి.

ప్రాధాన్యం, భిన్నాభిప్రాయాలు

ఈ కళ వల్ల కట్టడానికి నష్టం కలగకుండా కొత్త రూపం ఇవ్వవచ్చని సమర్థకులు చెబుతారు. చదువు, భాష తెలియనివారికీ చరిత్ర చేరుతుందని, రాత్రిపూట పర్యాటకం పెరుగుతుందని, యానిమేషన్, సంగీత, సాంకేతిక నిపుణులకు పని దొరుకుతుందని వారి వాదన. సినిమా, యానిమేషన్ పరిశ్రమలు స్థిరపడిన హైదరాబాద్‌కు ఇది వర్తిస్తుంది.

విమర్శలు ప్రధానంగా నాలుగు. ఒకటి, కాంతి కాలుష్యం: ఎక్కువ వెలుగు గబ్బిలాలు, పక్షులు, పురుగుల రాత్రి జీవితాన్ని, చుట్టుపక్కల నివాసులను ఇబ్బంది పెడుతుంది. రెండు, చరిత్రను తేలికచేయడం: అరగంటలో ముగించవలసిన కథలో వివాదాలు, భిన్న కథనాలు పక్కకు పోయి రాజులు, వజ్రాలు, యుద్ధాలు మిగులుతాయి. మూడు, ఖర్చు: పరికరాలు కొన్నేళ్లకే పాతబడతాయి. నిర్వహణ లేకపోతే ప్రదర్శన ఆగిపోతుంది. నాలుగు, గోడ ఎవరిది అన్న ప్రశ్న: ఏ బొమ్మ వేయాలో నిధులిచ్చే ప్రభుత్వం, సంస్థ లేదా కంపెనీ నిర్ణయిస్తే వేడుక మిగులుతుంది గానీ కళాకారుడి ప్రశ్నకు చోటుండదని కొందరు అంటారు. పర్యాటక ప్రదర్శన, కళాకారుల ప్రదర్శన వేర్వేరు లక్ష్యాలు గలవి కనుక ఒకదాని కొలబద్దతో మరొకదాన్ని తూచరాదని మరికొందరి అభిప్రాయం.

భద్రపరచడంలోనూ ఈ కళకు ప్రత్యేక సమస్య ఉంది. వీడియో ఫైలు దాచవచ్చు గానీ అది ఒక నిర్దిష్ట గోడ కొలతలకు తయారైనది. గోడ కూలినా, రంగు మారినా, ఎదుట మరో భవనం లేచినా పాత ఫైలు పనికిరాదు. పాత ఇళ్లు వేగంగా అపార్టుమెంట్లుగా మారుతున్న దోమలగూడ వంటి ప్రాంతాల్లో ఈ సమస్య మరింత ఎక్కువ. అందుకే ఫైలుతో పాటు భవనం త్రీడీ నమూనాను, ప్రొజెక్టర్ల స్థానాల పటాన్ని, ప్రదర్శనను జనం మధ్య నుంచి తీసిన వీడియోను కలిపి భద్రపరచాలి.

సంబంధిత వ్యాసాలు

కుడ్యచిత్రాలు, గోల్కొండ కోట, తోలుబొమ్మలాట, బతుకమ్మ, బిర్లా ప్లానెటేరియం, మ్యాజిక్ లాంతరు, రఘుపతి వెంకయ్య, వీడియో కళ, సినిమా కటౌట్లు, సౌండ్ అండ్ లైట్ షో, హుస్సేన్ సాగర్.